బల్ల వంశావళి

పులిహోరలో దొరికింది మేకా, స్క్రూవా అన్న విషయం మీద ఆ రోజు పొద్దున్నే హైమవతికీ పురుషోత్తానికీ మాటామాటా పెరిగింది.

"పులిహోరలో మేకు!" అన్నాడు పురుషోత్తం. దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, కిటికీ వెలుతురులో అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. అందరూ అంటే ఎదురుగా కూర్చున్న వాళ్ళమ్మ సూరమ్మగారొక్కరే.

"అది మేకు కాదండీ. స్క్రూ," అంది హైమవతి.

"పన్ను విరిగాక మేకయితే ఏంటి, స్క్రూ అయితే ఏంటి?"

"విరగలేదు కదా. పైగా మేకయితే నాది కాదు. నేను మేకులు వాడను. పాత చెక్కలో మేకు దిగ్గొడితే చీలిపోతుంది."

"అంటే నీదేనని ఒప్పుకున్నట్టేగా?"

"స్క్రూ అయితే నాదేనండీ, కాదన్నదెవరు? మీరు మేకన్నారు కాబట్టి చెప్పాను."

సూరమ్మగారు తన కంచంలోని జీడిపప్పును కూడా అనుమానంగా తిరగేసి చూసి, "ఇందులో ఇంకేమైనా వేస్తే ఇప్పుడే చెప్పెయ్యి అమ్మాయ్. నాకు మిగిలినవి నాలుగు పళ్ళు," అన్నారు.

హైమవతి చదివింది బి.ఎస్సీ. ఫిజిక్సు. చదువు అక్కడ ఆగిపోయినా, దేన్నయినా కొలిచి చూసే అలవాటు ఆగలేదు. ఆమధ్య అత్తగారి వాలుకుర్చీ చెయ్యి ఊడిపోతే, రేపొస్తానన్న వడ్రంగి ఎన్ని రేపులకీ రాలేదు. హైమవతి బజారుకెళ్ళి ఓ రంపం, ఓ ఉలి, జిగురు డబ్బా కొనుక్కొచ్చి, కుర్చీని తానే బాగుచేసింది. అత్తగారు అందులో కూర్చుని, అటూ ఇటూ ఊగి, "కిర్రుమనడం లేదేం?" అని కాస్త నిరాశపడ్డారు. ఆ తర్వాత 'సాగర్ విహార్' అపార్ట్‌మెంట్లో కాలు విరిగిన స్టూలూ, తలుపు ఊడిన బీరువా నిదానంగా హైమవతి గుమ్మం తొక్కడం మొదలెట్టాయి.

చిక్కల్లా చోటుతోనే. ఆ ఇంట్లో అందరికీ ఓ చోటుంది. పురుషోత్తానికి కంప్యూటరు బల్ల ఉంది, సూరమ్మగారికి వాలుకుర్చీ ఉంది. హాస్టల్లో చదువుకుంటున్న కొడుక్కి కూడా ఓ టేబులుంది, వాడు సెలవులకొచ్చేదాకా దాని మీద కాగితం ముక్క కదపకూడదు. హైమవతి పని మాత్రం డైనింగ్ టేబుల్ మీద, పాత దుప్పటి పరుచుకుని, ఓ భోజనానికీ ఇంకో భోజనానికీ మధ్య. పొద్దున జిగురు పెట్టి అతికించింది మధ్యాహ్నానికి ఫ్రిజ్ మీదకి ఎక్కాలి. అక్కడ అది అంగుళంలో పదో వంతు పక్కకి జరిగి ఎండిపోతుంది. ఆ పదో వంతు ఇంకెవరికీ కనిపించదు. హైమవతికి అది తప్ప ఇంకేమీ కనిపించదు.

సగం చేసిన పనిని సగంలోనే వదిలేసి, మర్నాడు పొద్దున వచ్చి చూస్తే అది అక్కడే, అలాగే ఉండాలి. ఆవిడ కోరిక అంతే.

"నేను చేసుకోవద్దన్నానా?" అన్నాడు పురుషోత్తం, స్క్రూని కంచం అంచున పెడుతూ. "తినేచోట వద్దంటున్నాను. నీకంటూ ఓ బల్ల చేసుకో. వెనక బాల్కనీలో వేసుకో."

ఆ మాట కోసం హైమవతి ఎన్నాళ్ళ నుంచి కాచుకుని ఉందో అతనికి తెలియదు. కంచాలు తీయకుండానే వెళ్ళి గ్రాఫు కాగితం తెచ్చుకుంది.

పని బల్లకి ఎత్తు ముఖ్యం. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలేస్తే అరచెయ్యి ఎక్కడ ఆనుతుందో, బల్ల పైభాగం అక్కడుండాలి. హైమవతి గోడకి ఆనుకుని నిలబడి, అత్తగారి చేత పెన్సిలుతో గీత పెట్టించుకుంది. వంటింటి గట్టు బిల్డరు ఎవరి ఎత్తుకి కట్టాడో గానీ, కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ పప్పు ఎనిపేది మునివేళ్ళ మీద నిలబడే. ఆ ఇంట్లో ఆవిడ ఒంటికి కొలత తీసి చేయబోతున్న మొదటి వస్తువు ఈ బల్ల.

తర్వాత బరువు. ఉలి మీద దెబ్బ వేస్తే బల్ల అదరకూడదు. అందుకని జగన్నాథపురం వంతెన అవతల ఉన్న పాత కలప అడితికెళ్ళి, పడగొట్టిన ఇంటి వసారా స్తంభాలు, మంచి మద్దివి, కాళ్ళకోసం ఏరుకుంది. పైభాగానికి ఓ పాత టేకు తలుపు రెక్క. అరచేతి వెడల్పంత దళసరి. అడితి యజమాని దాన్ని తట్టి చూపించి, "ఇది మీరు పోయాకా ఉంటదండి," అన్నాడు అభిమానంగా.

కలప ట్రాలీ ఆటోలో సాగర్ విహార్ గేటు దాకా వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ అప్పన్న రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"లోపల పెట్టుకోవచ్చంటండమ్మా. కొయ్యకూడదంట. సెక్రటరీగారు చెప్పమన్నారండి."

*

అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘం సెక్రటరీ సీతాపతిరావుగారు నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. శాఖ ఆయన్ని వదిలేసింది గానీ ఆయన శాఖని వదల్లేదు. ఆమధ్య విశాఖపట్నంలో 'సురక్షిత గృహం' మీద ఎవరో సదస్సు పెడితే వెళ్ళి, ఓ సంచీ, ఓ పెన్నూ, మితిమీరిన ఉత్సాహమూ పట్టుకుని తిరిగొచ్చారు. ఆ ఉత్సాహం తగ్గకముందే సర్వసభ్య సమావేశం పెట్టి ఓ నియమం చేయించారు:

'చప్పుడు గానీ, పొడి గానీ, అదురు గానీ పుట్టించు ఏ పనినైనను ఆమోదిత పని బల్లపై తప్ప చేయరాదు.'

అందరూ చప్పట్లు కొట్టారు. నియమాన్ని బలపరిచింది పురుషోత్తం. ఎవరో ఒకరు బలపరిస్తే గానీ సమోసాలు పంచరని తెలిసి చెయ్యెత్తాడు.

జనరేటరు గదిలో సగాన్ని సంఘం ఆఫీసు చేశారు. హైమవతి అక్కడికి వెళ్ళేసరికి సీతాపతిరావుగారు లేచి నిలబడ్డారు.

"రండమ్మా, రండి. ఈ నియమం కింద వచ్చిన ప్రప్రథమ దరఖాస్తు తమరిదే. సంఘం పక్షాన అభినందనలు."

"నేను కూడా నియమం ప్రకారమే వెళ్దామనుకుంటున్నానండీ. బల్ల మీదే పని చేయమన్నారు. ఆ బల్లే చేసుకుంటున్నాను."

"సంతోషం. సూత్రప్రాయంగా మాకు అభ్యంతరం లేదు. అయితే విధానపరంగా ఒక చిన్న అంశం పరిశీలించవలసి ఉంది. తమరు ఆ బల్ల తాలూకు కలపని దేని మీద కోస్తారు?"

"బాల్కనీలో, నేల మీద పెట్టి."

"నేల అనేది ఆమోదిత బల్ల నిర్వచనంలోకి రాదమ్మా."

"బల్ల లేదు కనకే కదండీ నేల మీద కోసేది?"

"అందుకే ముందు బల్ల సమకూర్చుకోవాలి."

"ఆ బల్ల చేయడానికే కదండీ వచ్చాను."

"చూశారా, సమస్య తమరికి స్పష్టంగా బోధపడింది," అన్నారు సీతాపతిరావుగారు తృప్తిగా. "చాలామందికి ఇంత తొందరగా బోధపడదు."

హైమవతి ఫిజిక్సు చదివిన మనిషి కాబట్టి కోప్పడలేదు. ఎదటి వాదంలో తప్పెక్కడుందో వెతికింది. తప్పు లేదు. గుండ్రంగా, ఎక్కడా అతుకు కనిపించకుండా ఉంది. అంత నీటుగా తాను కూడా ఎప్పుడూ ఏదీ అతికించలేదు.

"పోనీ, బయట ఎక్కడైనా కోయించి తెచ్చుకుంటాను."

"నిస్సందేహంగా తెచ్చుకోవచ్చు. కాకపోతే అక్కడ కోసిన బల్ల ఆమోదిత బల్లేనా అన్నది తేల్చాలి. దానికో ఉపసంఘం వేద్దాం. క్షేత్రస్థాయి పరిస్థితులు తెలిసిన వ్యక్తి కన్వీనరుగా ఉంటే మంచిది. తమరి శ్రీవారు ఎలా ఉంటారు?"

*

పురుషోత్తం మార్కెటింగు శాఖలో సూపరింటెండెంటు. ఆఫీసులో అతని సంతకం ఎప్పుడూ ఇంకో సంతకం కిందే ఉండేది. పైన ఇంకెవరూ సంతకం పెట్టని పదవి అతనికి జీవితంలో ఇదే మొదటిది. ఆ రోజు నుంచి అతని నడక మారింది.

"ఏవండీ, మరి నా కలప సంగతేం చేశారు?" అనడిగింది హైమవతి ఓ సాయంత్రం.

"దరఖాస్తుదారు ఉపసంఘం సభ్యులతో విడిగా సంప్రదించడం పద్ధతి కాదు," అన్నాడు పురుషోత్తం, పేపరు మీంచి తలెత్తకుండా.

"దరఖాస్తుదారు కాఫీ కూడా విడిగా ఇవ్వకూడదా?"

పురుషోత్తం ఆలోచించి, "కాఫీ పరవాలేదు," అన్నాడు.

ఉపసంఘం ఓ ఆదివారం కారేసుకుని అడితికి తనిఖీకి వెళ్ళింది. యజమాని కుర్చీలు వేయించి, సోడాలు తెప్పించాడు. వెనక షెడ్డులో నల్లబడి, గాట్లు పడి, మనిషంత బరువున్న పని బల్ల ఒకటుంది. సీతాపతిరావుగారు దాని చుట్టూ ఓసారి ప్రదక్షిణం చేశారు.

"ఈ బల్ల ఎవరు చేశారు?"

"మా తాతండి."

"దేని మీద చేశారు?"

"అంటే ఏంటండి?"

"ఈ బల్ల చెయ్యాలంటే చెక్క కోయాలి కదా? ఆ కోత ఏ బల్ల మీద జరిగింది?"

"ఏమోనండి బాబూ, అప్పటికి మా నాన్నే పుట్టలేదండి."

'సాక్షికి ముందు తరం కూడా అందుబాటులో లేదు' అని పురుషోత్తం రాసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో విషయం అందరికీ విశదమైంది. ఆమోదిత బల్ల మీద చేసినదే ఆమోదిత బల్ల. ఆ బల్ల మరో ఆమోదిత బల్ల మీద చేసి ఉండాలి. కాబట్టి ప్రతి బల్లకీ మచ్చలేని వంశావళి కావాలి.

"తల్లి బల్ల, అమ్మమ్మ బల్ల, ముత్తవ్వ బల్ల," అంది హైమవతి ఆ పూట వడ్డిస్తూ. "ఎందాకా వెళ్తారండీ?"

"మొదటి బల్ల దాకా," అన్నాడు పురుషోత్తం గంభీరంగా.

"గోత్రం కూడా కనుక్కోండిరా," అన్నారు సూరమ్మగారు. "సగోత్రమయితే మళ్ళీ చిక్కు."

*

మొదటి బల్లని కనిపెట్టే బాధ్యత రెండో అంతస్తులో ఉండే దక్షిణామూర్తి మాస్టారికి అప్పగించారు. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. రిటైరైన తర్వాత చరిత్ర గురించి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఇంట్లో గ్యాసు ఎప్పుడొస్తుందని తప్ప ఏ తేదీ అడగలేదు. అందుచేత ఆయన ఈ పని మీద ప్రాణం పెట్టారు. మేడ మీద హాల్లో తెల్లదుప్పటి కట్టి బొమ్మలు వేసి చూపించారు.

దేవాలయాలు కట్టిన శిల్పుల దగ్గర మొదలెట్టి, రథాలు చేసినవాళ్ళని దాటి, పడవలు చెక్కినవాళ్ళనీ దాటి, రాతి గొడ్డలి దాకా వెనక్కి తీసుకెళ్ళారు. ముందు వరసలో ఇద్దరు నిద్రపోయారు. ఆఖర్న మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"కాబట్టి సభ్యులారా, మొట్టమొదటి బల్ల చేసిన మనిషి దగ్గర బల్ల లేదు. అతను చతికిలబడి, చెక్కని కాళ్ళతో తొక్కిపట్టి, భూమ్మీద పెట్టి కోశాడు. అంటే భూమే ఆది బల్ల!"

నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచారు.

"నేను మొదటి రోజు చెప్పింది కూడా అదేనండీ. నేల మీద కోస్తానని," అంది వెనక వరసలోంచి హైమవతి.

"తమరు చెప్పింది నేల అమ్మా," అన్నారు సీతాపతిరావుగారు ఓపిగ్గా. "మాస్టారు చెబుతున్నది భూమి. తమరి నేల మూడో అంతస్తు శ్లాబు. అది సిమెంటు. భూమికీ దానికీ ఏ సంబంధమూ లేదు."

అక్కడికక్కడే తీర్మానం చేశారు. 'భూమిని ఆమోదిత పని బల్లగా గుర్తించడమైనది. ఈ గుర్తింపు సృష్ట్యాది నుండి అమలులో ఉన్నట్లు భావించవలెను.'

ఇంతకీ సాగర్ విహార్‌లో భూమి ఎక్కడుందన్నది తర్వాతి ప్రశ్న. సెల్లారంతా సిమెంటు. ముందంతా టైల్సు. వెతగ్గా వెతగ్గా మోటారు గది పక్కన, కరివేపాకు చెట్టు మొదట్లో, మంచం పట్టేంత మట్టి కనిపించింది. మర్నాడే అక్కడ ఓ బోర్డు పాతారు: 'ఆమోదిత పని బల్ల - 1'.

హైమవతి రంపం తీసుకుని కిందికి దిగబోతుంటే ఇంకో ఉత్తర్వు అంటించారు. చట్టం అందరికీ ఒకటే. చప్పుడు, పొడి, అదురు మూడూ రంపానికెలా ఉన్నాయో మిక్సీకీ అలాగే ఉన్నాయి. పైగా మిక్సీలో పసుపు పొడి, కారప్పొడి నిత్యం పుడుతూనే ఉంటాయి. కాబట్టి రేపటి నుంచి మిక్సీలు, కొబ్బరికాయ కొట్టడాలు, మసాలా దంచడాలు అన్నీ ఆమోదిత బల్ల మీదే జరగాలి. వంటిళ్ళ మీద నిఘాకి పురుషోత్తమే కన్వీనరు. ఏ ఇంట్లోంచి మిక్సీ చప్పుడు వినిపించినా అతను వెళ్ళి తలుపు తట్టేవాడు.

పొద్దున్నే కరివేపాకు చెట్టు దగ్గర జనం. మోటారు గదిలోంచి కరెంటు తీగ లాగారు. గ్రౌండ్ ఫ్లోర్ నూకరత్నం మిక్సీ చంకన పెట్టుకుని మొదటే వచ్చింది. ఆవిడ వెనక మాస్టారి భార్య, ఆవిడ వెనక కొబ్బరికాయతో సాక్షాత్తూ సెక్రటరీగారి భార్య రాజ్యలక్ష్మి.

"మీరూనా ఒదినగారూ?" అంది నూకరత్నం.

"నియమం అంటే నియమమేనటమ్మా. ఇంట్లో కొడితే నాకే నోటీసు ఇస్తారట."

"మా ఆయన పొడి ఇడ్లీ తినేసి వెళ్ళిపోయాడండి డ్యూటీకి. గొంతులో అడ్డం పడిందంట, గేటు దగ్గరే దగ్గాడు పాపం. ఆ దగ్గుకి కూడా అదురు ఉందండోయ్, పురుషోత్తంగారు వినుంటే ఇక్కడికొచ్చి దగ్గమనేవారు!"

చెట్టు కింద నవ్వులు మోటారు చప్పుడుని మించిపోయాయి. వరసలో హైమవతి వంతు వచ్చింది. స్తంభం నేల మీద పెట్టింది గానీ, పట్టుకునే దిక్కు లేక అది దొర్లిపోతోంది.

"ఉండండి ఒదినగారూ," అని నూకరత్నం మిక్సీ పక్కన పెట్టి, స్తంభం మీద సుబ్బరంగా కూర్చుంది. "కొయ్యండి. ఇన్నాళ్ళకి నా ఒళ్ళు ఒకదానికి పనికొచ్చింది."

రెండో కొసన రాజ్యలక్ష్మిగారు మొహమాటపడుతూ కూర్చున్నారు. రంపం గీత వెంట పోయింది. రోజూ చట్నీల మధ్య ఓ కోత, పసుపు కొమ్ముల మధ్య ఓ గాడి. కాలు పైచెక్కలో ఇమిడేలా ఉలితో గాడి తీస్తుంటే ఆడవాళ్ళు మిక్సీలు ఆపి మరీ చూసేవారు. హైమవతి కాలు పెట్టి చూసేది, తీసేది, కాగితమంత మందం చెక్కేది, మళ్ళీ పెట్టేది.

"సరిపోయింది కదండీ, ఇంకేంటండి చూస్తారు?" అని నూకరత్నం అడిగితే, "దూరింది. సరిపోలేదు," అనేది.

శ్రావణం జల్లులు మొదలవకముందే బల్ల నిలబడింది. నూకరత్నం దాని మీద ఓ గుద్దు గుద్దింది. బల్ల ఊగలేదు. నూకరత్నమే చెయ్యి విదిలించుకుంది.

*

నలుగురు మనుషులు మోసుకెళ్ళి మూడో అంతస్తు వెనక బాల్కనీలో వేశారు. ఆ సాయంత్రం హైమవతి మాస్టారి వాళ్ళ కుర్చీ కాలికి జిగురు పెట్టి, బిగించి, అలాగే వదిలేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే అది అక్కడే ఉంది. అలాగే ఉంది. పదో వంతు కూడా జరగలేదు. ఆవిడ అరచేతులు బల్ల మీద ఆనించి, ఏ పనీ లేకుండా కాసేపు నిలబడింది. మునివేళ్ళ మీద కాదు, పాదాల మీద.

ఆ ముచ్చట ఒక్క వారమే. వానలు పట్టుకున్నాయి. 'ఆమోదిత పని బల్ల - 1 బురద అయిన కారణంగా తాత్కాలికంగా ఉపసంహరించడమైనది' అని నోటీసు పెట్టారు. ఆది బల్ల మీద పుట్టి, వంశావళి నిక్కచ్చిగా ఉన్న బల్ల అపార్ట్‌మెంట్లో ఇక ఒక్కటే. అది మూడో అంతస్తులో ఉంది.

మర్నాడు తెల్లారేసరికి కాలింగ్ బెల్లు. గుమ్మంలో మిక్సీలు. వరస హాల్లోంచి, వంటింట్లోంచి, బాల్కనీ దాకా. సూరమ్మగారి వాలుకుర్చీ వరస మధ్యలో చిక్కుపడిపోయింది. ఆవిడ అందులోనే కూర్చుని ఒక్కొక్కరి ఇంట్లో ఆ పూట ఏం చట్నీయో కనుక్కుంటున్నారు. హైమవతి బాల్కనీలోకి వెళ్ళేసరికి రాత్రి జిగురు పెట్టిన ఇంకో కుర్చీ కాలు ఫ్రిజ్ మీద ఉంది. బల్ల మీద కొబ్బరి నీళ్ళు.

"ఏమీ అనుకోకండి ఒదినగారూ," అంది నూకరత్నం. "మీ బల్ల పాడవుతుందని మాకూ బాధగానే ఉందండి. మా పచ్చడి మేం ఎక్కడ చేసుకోమంటారు చెప్పండి?"

హైమవతి తడిగుడ్డతో బల్ల తుడిచింది. మర్నాడూ తుడిచింది. పసుపు మరక మాత్రం వదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర పురుషోత్తం చాలా హుషారుగా ఉన్నాడు. దోసకాయ పప్పులో నెయ్యి వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"హైమా, నీకో శుభవార్త. నీ బల్లని సంఘం ఉమ్మడి ఆస్తిగా ప్రకటిస్తున్నాం. రేపు మేడ మీద హాల్లోకి మారుస్తున్నాం. సెక్రటరీగారు రిబ్బను కత్తిరిస్తారు. నీకు శాలువా కూడా కప్పుతారు."

"నా బల్లని తీసుకెళ్ళి నాకు శాలువా కప్పుతారా?"

"విశాల ప్రయోజనం దృష్ట్యా, ఆమోదం పొందిన ఏకైక బల్ల ఒక వ్యక్తి అధీనంలో ఉండటం..."

"ఆ బల్ల లేకపోతే నా పని మళ్ళీ ఫ్రిజ్ మీదకేనండీ," అంది హైమవతి. గొంతు పెంచలేదు. పులుసు గరిట మాత్రం గిన్నెలో ఆగిపోయింది. సూరమ్మగారు తినడం ఆపి కోడలి వైపు చూశారు.

"ఏం చేస్తాం, ఒక్కటే ఉంది మరి," అన్నాడు పురుషోత్తం, కాస్త తగ్గి.

హైమవతి పులుసు వడ్డించడం పూర్తిచేసి, కూర్చుంది.

"కన్వీనరుగారిని ఒకటి అడగొచ్చా? ఆమోదించిన బల్ల మీద చేసిన బల్ల ఆమోదించినట్టేనా?"

"సందేహమేముంది? రెండో తరం."

"బల్లకి ఇంత ఎత్తుండాలని నియమంలో ఉందా?"

"ఎత్తు ప్రస్తావన లేదు."

"ఇంత వెడల్పని?"

పురుషోత్తం నియమం మొత్తాన్ని మనసులో ఓసారి చదువుకున్నాడు. "లేదు."

"అయితే వినండి. ఇంటికో పీట చేస్తాను. మిక్సీ పట్టేంత, కొబ్బరికాయ కొట్టేంత. నా బల్ల మీద పుడుతుంది కాబట్టి వంశంలో వంక పెట్టడానికి లేదు. ఎవరి పీట మీద వాళ్ళు, ఎవరి వంటింట్లో వాళ్ళు రుబ్బుకుంటారు. నియమమూ ఉంటుంది, చట్నీలూ ఉంటాయి."

పురుషోత్తం ముద్ద చేత్తో పట్టుకుని వెతికాడు. ఆ వాదంలో ఎక్కడా అతుకు కనిపించలేదు.

"బాగానే ఉంది," అన్నాడు నెమ్మదిగా. "కానీ రేపు రిబ్బను..."

"పీటలన్నీ పూర్తయ్యేదాకా బల్ల కదలకూడదు కదండీ."

"తల్లిని కదుపుతార్రా, పురుళ్ళు పోసుకుంటుంటే?" అన్నారు సూరమ్మగారు. "పిల్లలందరూ పుట్టి, బాలింత లేచి తిరిగేదాకా ఆ బాల్కనీలోకి మీ ఉపసంఘం అడుగు పెట్టకూడదు. మైలరా."

"మొదటి పీట నూకరత్నంగారికి," అంది హైమవతి. "తర్వాత కింది నుంచి పైకి వరసగా ఇచ్చుకుంటూ వస్తాను. పని జరిగినన్నాళ్ళూ బల్ల మీద సగంలో ఉన్నది ఏదీ ఎవరూ ముట్టుకోకూడదు. అన్నాళ్ళూ ఆదివారాలు వంట మీరు చూసుకోండి."

"ఎన్ని ఆదివారాలు?"

"ఆఖరిది సెక్రటరీగారి పీటండీ. ఆయన హోదాకి తగ్గట్టు మంచి చెక్కతో చేయాలి. పచ్చి చెక్కతో చేస్తే వంకర పోతుంది. రేపే అడితిలో చెప్పి పచ్చిది కొనిపెడతాను, నీడన ఎండాలి."

"ఎన్నాళ్ళు ఎండాలి?"

"నేను చూసి చెబుతానండీ," అంది హైమవతి, మజ్జిగ పోసుకుంటూ. "తొందరపడి చేసి ఎరగను."